మా బాబాయి పులి కలకత్తా వెళ్ళొచ్చిన వైనం

బిలాస్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ సంఘం పాత వస్తువుల ప్రదర్శన పెడుతోందని తెలియగానే అప్పన్న బాబాయి తన పులి పేరు రాయించేశాడు. ఊళ్ళో తెలిపారా పేటలో వాళ్ళింటి ముందుగదిలో వేలాడే పట్టుబట్ట మీది బొమ్మ అది. రైలింజన్ల లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసిన వాళ్ళ నాన్నకి, ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇచ్చిపోయాడట. “చైనా రాజుగారి పులి, మూడొందల ఏళ్ళది” అంటాడు బాబాయి. నమ్మనివాళ్ళకి దాని మీసాలు చూపిస్తాడు. “పిల్లికి ఇంతేసి మీసాలుంటాయేటి?”

సంఘం మీటింగులో, బొగ్గు కంపెనీలో రిటైరైన మూర్తిగారు ఆ బొమ్మ ఫొటో చూసి, “అప్పన్నగారూ, ఇది చైనాదని ఎవరు చెప్పారు? నా కంటికి పిల్లిలాగే ఉంది” అన్నారు. అందరూ నవ్వారు. బాబాయి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు రమణమ్మ పిన్ని నాకు ఫోన్ చేసింది.

“ఒలే సుజాతా, నువ్వు పిల్లలకి హిస్టరీ సెప్తావు కదా. ఆ పులిది ఏ దేశమో తేల్చవే. ఈయన తిండి మానేసినాడు.”

హిస్టరీ చెప్పినంత మాత్రాన పులుల స్వదేశాలు తెలుస్తాయా? అయినా కలకత్తాలో ఉన్న స్నేహితురాలిని అడిగితే ఇంద్రాణిగారి అడ్రసు దొరికింది. ఆవిడ ఒక మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసి రిటైరయ్యారు.

అలా ఒక శుక్రవారం సాయంత్రం ముగ్గురం హౌరా బండి ఎక్కాం. ఇలాంటి బొమ్మతో బయల్దేరేవాళ్ళకి ఒక మాట. ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి, చెమ్మ పడుతుంది. ఇంద్రాణిగారు ఫోన్లో చెప్పినట్టే మేము నూలుబట్టలో చుట్టి, వెడల్పాటి అట్టగొట్టంలో పెట్టాం. బాబాయి ఆ గొట్టాన్ని తన బెర్తు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తను కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చున్నాడు. రాయగఢ్‌లో ఎక్కిన ఒక పెద్దాయన జాలిగా చూసి, “అన్నయ్యా, పేషెంటుకి ఏమైంది?” అని హిందీలో అడిగాడు.

“పేషెంటు కాదు, పులి” అన్నాడు బాబాయి. ఆయన వెంటనే పైబెర్తు ఎక్కేశాడు.

పిన్ని తెచ్చిన చపాతీలు, వంకాయకూర తిని పడుకున్నాం. తెల్లారేసరికి ఖరగ్‌పూర్ దాటాం. హౌరాలో దిగి, స్టేషన్ ఎదుట రేవులో పడవెక్కి హుగ్లీ దాటాం. టాక్సీ కంటే చవక, గాలి ఉచితం. అవతలి ఒడ్డున పూరీల్లాంటి లుచీలు, బంగాళాదుంపల కూర తిన్నాం. బాబాయి రెండు ప్లేట్లు లాగించడంతో పిన్నికి సగం బెంగ తీరింది.

పదకొండింటికి ఇంద్రాణిగారింట్లో ఉన్నాం. తెల్లజుట్టు, మెడలో దారానికి కట్టిన భూతద్దం. బొమ్మని బల్ల మీద పరిచి, అంచుల నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం చూశారు. బాబాయే ఉండలేక, మూలనున్న ముద్ర చూపించి, “చైనా అక్షరాలు మేడమ్” అన్నాడు.

“ఆ అక్షరాలు జపాన్ వాళ్ళూ రాస్తారు. చూడండి, పైనుంచి రెండు సన్నటి పట్టీలు వేలాడుతున్నాయా? అలా కుట్టడం ఎక్కువగా జపాన్ పద్ధతి. కానీ అంచులు ఎవరైనా మార్చి కుట్టొచ్చు, అదొక్కటే సాక్ష్యం కాదు.” ఆవిడ నాకు భూతద్దం ఇచ్చారు. “కళ్ళు చూడమ్మా.”

చూశాను. నల్లగుడ్డు మధ్య నిలువుగీత.

“పులి కంటిపాప గుండ్రంగా ఉంటుంది. నిలువుగా ఉండేది పిల్లికి. జపాన్ అడవుల్లో పులులు లేవు. చిత్రకారులు పులితోలు చూసి చారలు గీసి, మిగతాదానికి ఇంట్లో పిల్లిని కూర్చోబెట్టుకునేవారు.”

“అచ్ఛా! అయితే మూర్తిగారు...” అని బాబాయి నీరుగారిపోయాడు.

వయసు సంగతి ఇంకా పాపం. పట్టుదారం ఎక్కడా సన్నం లావు లేకుండా ఒకే తీరున, మిల్లులో తీసినట్టుంది. గడ్డికి వేసిన ఊదారంగు రసాయనాలతో చేసింది. మూడొందల ఏళ్ళ కిందట ఇవేవీ లేవు. “వందేళ్ళు, కాస్త అటూ ఇటూ. విదేశీయులకి అమ్మడానికి వేసినది కావచ్చు” అన్నారావిడ. తర్వాత కిటికీలు మూసి, పాత మరమ్మతులు కనిపెట్టే ఊదారంగు దీపం వెలిగించారు. పులి అంతా మసకగా మునిగిపోయింది. మీసాలు మాత్రం ఉతికిన చొక్కాలా తెల్లగా ధగధగలాడాయి.

“ఇవి చాలా కొత్తవి. ఏమిటబ్బా ఈ రంగు?” అన్నారు ఇంద్రాణిగారు.

చీకట్లోంచి పిన్ని గొంతు వినపడింది. “బూట్ల రంగండి.”

బాబాయి ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

“పెళ్ళైన కొత్తలో దుమ్ము దులుపుతుంటే మీసాలు రాలిపోయినాయి. మా అత్త సూస్తే ఏటంటాదో అని, మా మరిది స్కూలు బూట్లకి రాసే తెల్లరంగు చీపురుపుల్లతో గీసేసినాను. అసలువి చిన్నవే. నా చెయ్యి వణికి అంత పొడుగొచ్చినాయి.”

నేను హిందీలోకి మార్చి చెప్పగానే ఇంద్రాణిగారు కిటికీలు తెరిచారు. నవ్వు ఆపుకుంటూ, “తడిదూదితో జాగ్రత్తగా తీసేయొచ్చు. తియ్యమంటారా?” అని బాబాయిని అడిగారు.

బాబాయి పిన్ని వైపు చూశాడు. ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. “వద్దు మేడమ్. ఉండనీండి” అన్నాడు.

మర్నాడు పొద్దుటి బండిలో తిరుగుప్రయాణం. టాటానగర్ దాకా బాబాయి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. టీ వచ్చాక అడిగాడు. “ఇన్నేళ్ళూ సెప్పలేదేటే?”

“ఎలా సెప్పమంటారు? వచ్చినోళ్ళందరికీ ఆ మీసాలే సూపించి మురిసిపోయేవోరు. వంట బాగుందని ఒక్కనాడూ అనలేదు గానీ, నా మీసాల్ని మాత్రం రోజూ పొగిడేవోరు. బాగుండేది.”

బాబాయి టీ కప్పు పక్కన పెట్టి, గొట్టం విప్పాడు. నేను వద్దనేలోపే బొమ్మని ఒళ్ళో పరిచేశాడు. ఎదుటి సీట్ల వాళ్ళు మెడలు సాచారు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ చూడలేదు, మిఠాయి కొనలేదు, ట్రామెక్కలేదు. అయినా నేను చేసిన యాత్రల్లో ఇంత బాగా పూర్తయినది మరొకటి లేదు. ఎందుకంటే రౌర్కెలా వచ్చేలోపు మా బాబాయి రైలుపెట్టెలో సగంమందిని పోగేసి, ఛాతీ విరుచుకుని హిందీలో ప్రకటించాడు:

“షేర్ జపాన్ కా. మూఛే మేరీ బీవీ కీ!” పులి జపానుది, మీసాలు మా ఆవిడవి అని.

అందరి కళ్ళూ ఒక్కసారిగా పిన్ని పైపెదవి మీదికి వెళ్ళాయి. ఆవిడ కొంగుతో మూతి మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.