ఎమ్మే సీటూ, అమ్మ మాటా

మొన్న మా మనవరాలు పీజీలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటూ, మొయినాబాదులో రోడ్డు పక్కనున్న ఆన్‌లైన్ సెంటరుకు నన్నూ వెంటబెట్టుకుపోయింది. నా అవసరం ఉండి కాదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే అల్మారాలు సర్దుతానని పేరు పెట్టి అన్నీ చిందరవందర చేస్తానని దాని భయం. కంప్యూటరు ముందున్న అమ్మాయి గడగడా అడుగుతుంటే ఇది ఫోనులో చూసి గడగడా చెప్పింది. మార్కులయ్యాయి, ఫొటో అయింది, సంతకం అయింది, చివరకు ఆ అమ్మాయి లోకలా నాన్ లోకలా అని అడిగితే మనవరాలు తలైనా ఎత్తకుండా లోకల్ అంది. ఆ అమ్మాయి ఒక్క నొక్కు నొక్కింది. అంతే, పని అయిపోయింది. నాకు మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆ ఒక్క నొక్కు కోసం నేనేం చేశానో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకోకపోతే ఇక చెప్పుకునే రోజులూ లేవు.

మా కాలంలో దాన్ని లోకల్ అనేవాళ్ళు కాదు, ముల్కీ అనేవాళ్ళు. ఈ గడ్డ మీది వాళ్ళు ముల్కీలు, బయటినుంచి వచ్చినవాళ్ళు గైర్ ముల్కీలు. నా ఈడు వాళ్ళకు ఈ మాటలు విడమరచి చెప్పనక్కరలేదు, అరవై తొమ్మిదిలో గోడల మీద, బస్సుల మీద, ఆఖరుకు మా క్లాసులో బెంచీల మీద కూడా అవే రాతలు. నేనప్పుడు పట్నంలో ఆడపిల్లల కాలేజీలో బీఏ చదువుతున్నాను. మా ఊరు మొయినాబాదుకూ చేవెళ్లకూ నడుమ, రోడ్డు దిగి మైలు నడిస్తే వస్తుంది. పొద్దున్నే బస్సెక్కి మెహిదీపట్నం పోవడం, పొద్దు గూకేలోగా తిరిగి రావడం. ఉద్యమం మొదలయ్యాక నెలల తరబడి కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు వెనక్కి పోయాయి. నేను ఊరికే ఉండే పిల్లనా? చేవెళ్లలో ఊరేగింపు తీస్తే ముందు వరసలో నడిచి, గైర్ ముల్కీలు వెళ్ళిపోవాలని గొంతు చించుకుని అరిచి వచ్చేదాన్ని. గొంతు బొంగురుపోయిందని మా అమ్మ ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు చేతికిచ్చి పుక్కిలించమనేది. ఆ నీళ్ళు ఎవరిస్తున్నారో, నేను ఎవరిని పొమ్మని అరిచి వచ్చానో, ఆ రెంటినీ కలిపి చూసే తెలివి అప్పుడు నాకు లేదు.

ఎందుకంటే మా అమ్మది గుంటూరు వైపు. మేము తరాలుగా ఇక్కడి క్రైస్తవులం. బాపు మిషన్ బడిలో పంతులు, పెద్దలు ఎక్కడెక్కడి సంబంధాలో కలిపే రోజుల్లో గుంటూరు వైపు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి అమ్మాయిని ఆయనకిచ్చి చేశారు. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా అమ్మ మాట మారలేదు. అందరినీ అండీ అనేది. బుట్ట నెత్తిన పెట్టుకుని సీతాఫలాలు అమ్మవచ్చే అవ్వను కూడా "ఎంతండీ" అని అడిగితే, ఆ అవ్వ సిగ్గుపడి రెండు పళ్ళు ఎక్కువ వేసి పోయేది. పంతులు భార్య కదా, ఊళ్ళో అమ్మకు అండీ టీచరమ్మ అని పేరు పడింది. అందులో వెక్కిరింత లేదు, ముద్దే ఉంది. నన్ను అమ్మాయ్ అని పిలిచేది. బాపు, మేనత్తలు, ఊరంతా బిడ్డా అంటే, అమ్మ ఒక్కతే ఆ దీర్ఘం తీసి అమ్మాయ్ అనేది. పెరటి చివరన ఉన్నా ఆ పిలుపు వినబడేది.

ఎట్టకేలకు బీఏ పాసయ్యాను, సెకండ్ క్లాసు వచ్చింది. ఎమ్మే తెలుగులో చేరాలని నా పట్టుదల. మా మేనత్త అప్పటికే ఒక సంబంధం చూసి పెట్టింది, సీటు వస్తే సరే రెండేళ్ళు ఆగుతాం, రాకుంటే ఈ ఎండాకాలమే పెళ్ళి అని తేల్చి చెప్పింది. మా వైపు ఎమ్మే చదివిన ఆడపిల్ల అప్పటికి లేదు. కాబట్టి ఆ దరఖాస్తు కాగితమే నాకు ప్రాణం. మార్కుల మెమో, టీసీ, నడవడిక సర్టిఫికెట్ కాలేజీ వాళ్ళే ఇచ్చారు. మిగిలింది ముల్కీ సర్టిఫికెట్, అది తాలూకా కచ్చేరిలో తహసీల్దారు ఇవ్వాలి.

నా బెంచీ స్నేహితురాలు చేవెళ్ల వైపు పటేళ్ళ పిల్ల, తనూ నాతోపాటే పెట్టుకుంది. వాళ్ళ దగ్గర పుట్టిన తేదీ కాగితం ఏదీ లేదు, ఏ కార్తెలో పుట్టిందో వాళ్ళ నాయనమ్మకు తెలుసు, అంతే. పట్వారీ ఫలానా వారి పిల్ల అని రాసిస్తే ఒక్క పూటలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాకూ అట్లాగే వచ్చేదే. కానీ మా బాపుకు కాగితమంటే మహా గర్వం. ఊళ్ళో ఎవరికీ పుట్టినరోజు తెలియదు గానీ మనకు మాత్రం బాప్తిస్మపు సర్టిఫికెట్ ఉంటుందని నలుగురిలో చెప్పుకునేవాడు. ఎవరూ అడగకపోయినా, పట్వారీ వద్దు సారూ అన్నా వినకుండా, ట్రంకు పెట్టెలోంచి దాన్ని తీసి మడత విప్పి దరఖాస్తుకు గుచ్చి ఇచ్చాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం కదా, నేను పుట్టిందీ బాప్తిస్మం పొందిందీ గుంటూరు వైపు మా తాతగారి ఊళ్ళో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వారం తిరిగేసరికి కాగితం వెనక్కి వచ్చింది, మీద ఎర్రసిరాతో ఉర్దూలో రెండు ముక్కలున్నాయి. మా ఇంట్లో ఉర్దూ వచ్చింది బాపుకే. చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. గైర్ ముల్కీ అని రాసుంది. ఊరేగింపులో నేను పొమ్మని అరిచింది నన్నేనన్నమాట.

గుమాస్తాది తప్పనను, ఆయన ముందున్న కాగితం అదే చెప్పింది. బాపు పరుగున పోయి తండ్రి ముల్కీ అయితే బిడ్డా ముల్కీయేనని వాదించాడు. కాదని ఎవరూ అనలేదు, అయితే పిల్లను పుట్టినంక ఎప్పుడు ఇటు తెచ్చారో, ఇక్కడే పెంచారో లేదో తల్లి వచ్చి తహసీల్దారు ముందర చెప్పాలన్నారు. యూనివర్సిటీలో గడువు మర్నాటితో ముగుస్తుందనగా మాకు పిలుపు వచ్చింది.

అమ్మ ఆ రోజు గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. బస్సులో నా పక్కన కూర్చుని, తహసీల్దారుగారితో ఏం చెప్పాలో మెల్లగా వల్లె వేసుకుంటోంది. మూడో నెలలో తీసుకొచ్చామండీ, అప్పటినుంచీ ఇక్కడే ఉన్నామండీ, అని. ఆ అండీ విన్నప్పుడల్లా, ఎవరైనా వింటున్నారేమోనని నేను చుట్టూ చూశాను. ముందు సీట్లో ఇద్దరు తల తిప్పి చూశారు కూడా. నేను అమ్మ చెవి దగ్గరకు వంగాను.

"అమ్మా, ఆడికి పోయినంక నువ్వు జర మాట్లాడకు. బాపు చెప్తడు."

అమ్మ నా ముఖంలోకి చూసి, అలాగేనన్నట్టు తల ఊపింది. తర్వాత దారంతా వల్లె వేయలేదు.

కచ్చేరి వరండా నిండా జనం. అందులో సగం మంది విద్యార్థులు, నాతోపాటు ఊరేగింపులో నడిచిన ముఖాలు. లోపల తహసీల్దారు పెద్దమనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది, వరండాలో వాళ్ళకు లోపలి మాటలన్నీ వినబడతాయి. బాపు చెప్పబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపి, అమ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా, పిల్లను ఎన్ని నెలలకు ఇటు తెచ్చుకున్నరు?"

అమ్మ నోరు తెరిచి, నా వైపు చూసింది. మాట్లాడనా అని అడిగినట్టే చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది, ఎవరు పలికించారో తెలియదు, నేనే పలికాను.

"మా అమ్మకు మాటలు రావు సార్."

బాపు చటుక్కున నా వైపు తిరిగాడు. బడిలో అబద్ధమాడితే చేతి కణుపుల మీద కొట్టే మనిషి, ఆ రోజు కిక్కురుమనలేదు. అమ్మ మెల్లగా కుడిచెయ్యి పైకెత్తి మూడు వేళ్ళు చూపించింది. తహసీల్దారు అయ్యో పాపం అన్నట్టు తల ఆడించి, మూడు నెలలని రాసుకుని, అమ్మ చేత సంతకం పెట్టించుకుని, అక్కడే సర్టిఫికెట్ రాసి మొహరు వేశాడు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. అమ్మది గుంటూరు వైపని ఆయన ముందున్న కాగితమే చెబుతోంది. అమ్మ అండీ అన్నా, ఏమన్నా, ఆ సర్టిఫికెట్ ఆగేది కాదు. నేను భయపడింది తహసీల్దారుకు కాదు, వరండాలో ఉన్న నా జట్టుకు. నా సీటు కోసం అబద్ధమాడానని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, అదీ అబద్ధమే. నా తల్లిని చూసి సిగ్గుపడ్డాను, అంతే. యేసును ఎరుగనని బొంకిన శిష్యుడి గురించి గుడిలో పాస్టరుగారు ప్రసంగం చేసినప్పుడల్లా నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చుంటాను.

మర్నాడు దరఖాస్తు ఇచ్చి వచ్చాను. వాకిట్లో అమ్మ బియ్యం చెరుగుతోంది. క్షమించమని అడగాలనే పక్కన కూర్చున్నాను గానీ, తిట్టవేమని మాత్రమే అడిగాను. అమ్మ చేట కిందపెట్టలేదు.

"ఎట్లయితేంది బిడ్డా, నీకు కాగితమైతే దొరికింది గద."

అమ్మ నోట బిడ్డా అనే పిలుపు నేను వినడం అదే మొదలు. కోపంతో అనలేదు, ఎగతాళికీ అనలేదు. కొత్త పాఠం నేర్చుకున్న పిల్ల అప్పజెప్పినట్టు, తడబడకుండా జాగ్రత్తగా అంది. ఆ రోజునుంచి అమ్మ మాట మారిపోయింది. ఉన్నది, పోయిన్రు, గిట్ల, గట్ల అన్నీ పట్టుబడ్డాయి. సీతాఫలాల అవ్వను "ఎంతకిస్తవ్ అవ్వా" అని అడిగితే, ఆ అవ్వ ఇన్నేళ్ళకు మా మనిషివైనవని సంబరపడింది. ఊరంతా మెచ్చుకుంది. ఎందుకు మారిందో ముగ్గురికే తెలుసు, ముగ్గురమూ ఒక్క ఇంట్లోనే ఉండి ఆ సంగతి ఎన్నడూ ఎత్తుకోలేదు. ఒకటి రెండు సార్లు నేనే బతిమాలాను, అమ్మా మునుపటిలాగే మాట్లాడు, నాకదే ఇష్టమని. నవ్వి, అది నేను మరిచిపోయిన గద బిడ్డా అంది.

సీటు వచ్చింది. ఎమ్మే చదివాను, ఆ చదువుతోనే ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను. ఏ ప్రాంతపు పలుకుబడి ఆ ప్రాంతానికి అందమనీ, ఎవరి యాసను వాళ్ళు కాపాడుకోవాలనీ బల్లగుద్ది చెప్పిన రోజులున్నాయి. ఎంత సిగ్గులేనితనమో చూడండి.

అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చివరి రోజుల్లో దవాఖానలో జ్వరం తీవ్రంగా ఉండి, ఎవరినీ గుర్తుపట్టక, చిన్నప్పటి తన ఇంట్లో ఉన్నట్టే మాట్లాడేది. "వస్తున్నానమ్మా, ఇదిగో ఇప్పుడే వచ్చేస్తానమ్మా" అనేది. ఆ పలుకూ, ఆ దీర్ఘాలూ, ఒక్కటీ చెక్కుచెదరలేదు. మరిచిపోలేదన్నమాట. ముప్పై ఏళ్ళకు పైగా లోపలే దాచుకుంది. నేను మంచం పక్కన కూర్చుని ఆశగా విన్నాను గానీ, ఆ మాటలేవీ నాతో కాదు, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మతో.

ఇప్పుడు మొయినాబాదులో అన్ని రకాల తెలుగూ వినబడుతోంది. ఇంజనీరింగు కాలేజీల పిల్లలు, గండిపేట వైపు కొత్త ఇళ్ళవాళ్ళు, ఎవరు ఏ యాసలో మాట్లాడినా తల తిప్పి చూసేవాళ్ళు లేరు. మంచిదే, కళ్ళారా చూస్తున్నాను, సంతోషమే. కాకపోతే ఈ రోజులు మా అమ్మకు అందలేదు. బజారులో గుంటూరు వైపు ఆవిడ ఒకామె కూరల పాయింటు పెట్టింది. మా ఇంట్లో రెండు పూటలా వంట అవుతుంది, అయినా వారానికి రెండుసార్లు పోయి పప్పో పులుసో కట్టించుకొస్తాను, పైసలు దండగని మనవరాలు సణుగుతుంది. కట్టివ్వగానే ఆమె ఇంకేం కావాలండీ అంటుంది. ఏమీ వద్దంటాను, అని కూడా అక్కడే నిలబడతాను. డెబ్బై ఏడేళ్ళ ముసలిదాన్ని, నన్నిక అమ్మాయ్ అని ఎవరు పిలుస్తారు?