బీరువా మీద సొట్ట

మొన్న సిద్ధగోరాలోని మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన మనిషి, అమ్మ నాటి ఇనప బీరువాని గోడ నుంచి జరిపి, తాళం పక్కనున్న సొట్టను వేలితో తడిమి, "ఇస్కో సీధా కర్ దూఁ, దీదీ?" అన్నాడు. సాపు చేయొద్దన్నాను. అంత గట్టిగా వద్దనేసరికి నా వంక వింతగా చూశాడు. మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆ సొట్ట నాన్న పనే అనుకుంటారు. కాదు.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఉక్కు కార్ఖానాలో ఫర్నేసు దగ్గర పనిచేసిన మనిషి. అక్కడ చెమటలు ధారలు కట్టేవి కనుక జేబులో బెల్లం ముక్క వేసుకుని డ్యూటీకి వెళ్లేవాడు. రిటైరయ్యాక చెమట ఆగింది, బెల్లం ఆగలేదు. షుగరొచ్చింది, వెనకే ఇంజెక్షన్లూ వచ్చాయి. అమ్మ పంచదార, బెల్లం, చివరికి నా పిల్లల బిస్కెట్లు కూడా బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. నాన్న ఆ బీరువా చుట్టూ పిల్లిలా తిరిగేవాడు. శ్రీకాకుళం దగ్గర పల్లెలో సేద్యం చేసే చిన్నాన్న, మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "అది కుర్సీలో కూకున్నోల్ల రోగమన్నా. మడిలో దిగినోడికి రాదు" అని, తను తెచ్చుకున్న బెల్లపు జీళ్లు అన్న ఎదుటే నమిలేవాడు. తనూ మడిలో దిగడం మానేసి, ట్రాక్టరును అద్దెకు పిలిచి గట్టు మీద కూర్చుంటున్నాడని మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. చిన్నాన్న కూడా ఉన్నాడు. మా సంఘంలో ఉపవాసమంటే సాయంత్రం దాకా మంచినీళ్లయినా ముట్టరు. నాన్న పొద్దున్నే ఎప్పటిలా ఇంజెక్షన్ వేసుకుని ఉపవాసం కూర్చున్నాడు. మందు మానొద్దన్న డాక్టరు మాటా, ఉపవాసం తప్పొద్దన్న పాస్టరుగారి మాటా, రెండూ తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ రెండింటికీ పడదని మాలో ఒక్కరికీ తోచలేదు.

మధ్యాహ్నం, ప్రార్థన మధ్యలో, నాన్న లేచి బూతులు మొదలుపెట్టాడు. ఎన్నడూ ఒకర్ని పల్లెత్తు మాట అనని మనిషి. అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆ పెనుగులాటలో కొంగు చిరిగి తాళంచెవి ఎటో పడిపోయింది. కుర్చీ ఎత్తి కిటికీ అద్దాలు పగలగొట్టాడు. ఆపబోయిన సంఘపెద్ద ముక్కు చితికింది. తాగాడేమోనని చిన్నాన్న ఆయన నోరు వాసన చూశాడు. వాసన లేకపోయేసరికి దెయ్యమన్నారు. నలుగురు మీదపడి నేలకేసి అదిమారు, చెంపలు వాయించారు, పొమ్మని దెయ్యాన్ని గద్దించారు. నాన్న చిన్నాన్న చెయ్యి కండ ఊడేలా కొరికాడు. చిన్నాన్న కాలెత్తి అన్న రొమ్ము మీద తన్నాడు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

అమ్మ నెత్తురు కారే తలతో పాక్కుంటూ వచ్చి నాన్న మెడ తాకింది.

"ఒల్లు సల్లగైపోనాది. దెయ్యం కాదు, సుగరు పడిపోనాది. ఒగ్గీండి."

షుగరు మరీ పడిపోతే మనిషి వెర్రెత్తినట్టవుతాడని, వెంటనే తీపి పట్టాలని ఆస్పత్రిలో నర్సు ఎప్పుడో చెప్పిన మాట అప్పటికి గుర్తొచ్చిందట. తీపంతా బీరువాలో ఉంది, తాళంచెవి కనబడలేదు. పక్కింటికి పరిగెత్తవచ్చన్న తెలివి నాకు మర్నాడు వచ్చింది. అమ్మ పెరట్లోంచి రుబ్బురోలు పొత్రం తెచ్చి, ఇన్నాళ్లూ తను కాపలా కాసిన తాళం మీద తనే బాదింది. మొదటి దెబ్బ గురి తప్పి సొట్ట పడింది. తర్వాతి దెబ్బలకు తలుపు తెరుచుకుంది. బెల్లం నీళ్లలో కలిపి, కరవబోతున్న నోట్లో కొంచెం కొంచెంగా పోసింది.

కాసేపటికి నాన్న తేరుకుని, పెదవి మీది నెత్తురు చూసుకుని, "ఎవుడు కొట్టినాడు?" అన్నాడు.

"పడిపోనావు" అంది అమ్మ. వాకిట్లో చిన్నాన్న తల బాదుకుని ఏడుస్తున్నాడు.

కొన్నాళ్లకు ఊళ్లో చిన్నాన్నకు ఆ కాలికే ముల్లు గుచ్చుకుంది. పుండు మానలేదు. షుగరుందేమోనని అంతవరకూ ఆయన్ను ఎవరూ పరీక్ష చేయలేదు, ఆయనా చేయించుకోలేదు. కాలు తీసేశాక చూడ్డానికి వెళితే, "అన్నని తన్నిన కాలే తల్లీ. అందుకే పోనాది" అన్నాడు. షుగరుకు అలాంటి పగలుండవని ఎంత చెప్పినా నమ్మలేదు. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం అక్కడే పోయింది.

ఇప్పుడు ముగ్గురూ లేరు, షుగరు నాకొచ్చింది. బెల్లం ఆ బీరువాలోనే పెడతాను కానీ తాళం వేయను. ఆనాటి అమ్మ వయసే ఇవాళ నాది. రంగులతను వెళ్లాక పెరట్లోకి పోయి ఆ పొత్రాన్ని రెండు చేతులా ఎత్తబోయాను, కదల్లేదు.