విలాపంలో మమ్కాన్ పేరు

ఊర్హా అనే క్రైస్తవుల పట్నం పరమతస్థుల సైన్యం చేతిలో కూలిపోయాక యూఫ్రటీసు నది దాటి వచ్చిన ఆడవాళ్ళలో అస్ప్రామ్ ఒకతె. మఠం కింది ఊళ్ళో ఉన్ని దువ్వి పొట్ట పోసుకునేది. మీ పాపాలు పండాయి గనకే మీ పట్నం మట్టిగొట్టుకుపోయిందని ఆ ఊరి అమ్మలక్కలు మొహం మీదే దెప్పేవాళ్ళు. వాళ్ళ పాపాలు మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నాయి కాబోలు! అస్ప్రామ్ తల వంచుకుని ఉన్ని దువ్వుకునేది.

ఆవిడకు ఒక్కతే కూతురు, మమ్కాన్. మొగుడు కోటగోడ మీదే పోయాడు. కూతుర్ని మాత్రం తాడు కట్టి, మిగతా ఆడపిల్లలతో కలిపి ఈడ్చుకుపోయారు. శవాల మధ్య నక్కి ఆ తల్లి అదంతా చూసింది, నోరు మెదపలేదు. మెదిపితే తనకూ అదే గతి.

ఆ మరుసటేడు మఠంలోని బర్సెఘ్ అనే సన్యాసి ఊర్హా మీద విలాపం కట్టాడు. పట్నమే విధవరాలై, జుట్టు విరబోసుకుని తోటి పట్నాలను పిలిచి ఏడ్చే పాట అది. చివర చచ్చిపోయినవాళ్ళ పేర్లుంటాయి. పాడినప్పుడల్లా విన్నవాళ్ళంతా ఆ పేర్లకు "ప్రభువా, కరుణించు" అనాలి. ఎక్కడో దిక్కులేకుండా పడివున్న బిడ్డకు ఆ ఒక్క మాటైనా తోడుండాలని అస్ప్రామ్ ప్రాణం కొట్టుకుంది. వెళ్ళి అడిగింది.

"బతికున్నవాళ్ళ పేర్లు పెట్టనమ్మా. చెరలో మతం మార్చుకుని ఉంటే? నీ కూతురు పోయిందా, లేదా?" అన్నాడు బర్సెఘ్.

"పోయిందయ్యా. నా కళ్ళముందే నరికారు."

సిలువ ముట్టుకుని ఒట్టు వేయమన్నాడు. వేసింది.

పాట ఊరూరా పాకింది. గుళ్ళో కూతురి పేరు వినబడిన ప్రతిసారీ అస్ప్రామ్ గుండె కాస్త కుదుటపడేది. అడుక్కొచ్చిన గోధుమలతో, మాంసంతో హరిస వండి, మమ్కాన్ పేరున పేదలకు పెట్టింది. దెప్పిన అమ్మలక్కలు కూడా వచ్చి, మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు వసక్ అనే వర్తకుడు, మఠం పంపగా మెర్దిన్‌లో బానిసల సంతకు పోయి, చెరలో ఉన్న ఆడపిల్లల్ని కొందరిని విడిపించుకొచ్చాడు. అందరితో పాటు అస్ప్రామ్ కూడా పరుగెత్తింది. ఒక్కొక్క మొహమే చూసింది. మమ్కాన్ లేదు.

వసక్ ఆవిడను గుర్తుపట్టాడు. "నీకు కోపమొస్తుందేమో గానీ చెప్తానమ్మా. అక్కడొకతె నా కాళ్ళు పట్టుకుంది, తను మమ్కాన్‌నని, ఊర్హా అస్ప్రామ్ కూతుర్నని. నీ మొగుడి పేరు, మీ వీధి పేరు గడగడా చెప్పింది. దొంగముండ! విలాపంలో పాడే చచ్చినదాని పేరు పెట్టుకుంటావుటే అని చెంప పగలగొట్టి, దాని బదులు ఇదిగో, ఈ పిల్లను తెచ్చా."

భలే పని చేశావన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఇప్పుడెక్కడుందని అడిగింది అస్ప్రామ్. ఆ సాయంత్రమే ఎవరో కొనుక్కుని ఎడారివైపు తోలుకుపోయారట. ఎవరని వసక్ అడగలేదట. దొంగదాని ఆచూకీ తనకెందుకు?

"అది నా కూతురే నాయనా. నేను అబద్ధం చెప్పాను" అంది.

ఎవరూ నమ్మలేదు. సిలువ ముట్టుకుని ఒట్టేసిన మనిషి అబద్ధమెందుకు చెబుతుంది? పాపం, బిడ్డ పోయిన దిగులుతో మతి చలించిందని, రెక్కలు పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయారు.