మెట్టు దగ్గరి పదకొండు చేపలు

పదకొండు చేపల్ని చూపించి నలభై మందిని భోజనానికి పిలిపించిన ఘనత నాది. ఆ తర్వాత నా పరువు ఏమైందో చెబుతాను, నవ్వుకోండి.

అరబ్బు దేశంలో బర్కా దగ్గర ఒక తోటలో వంటమనిషిని నేను. యజమానిని బాబా అంటాం. ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి చిన్న చెరువంత ఉంటుంది. అందులో బాబా ఐదు వందల తిలాపియా చేపపిల్లల్ని వదిలించి, వీటి పెంపకం ఎవరికి తెలుసని అడిగాడు. మాది ఆకివీడని, చేపల చెరువుల మధ్యే పుట్టానని చెప్పాను. పుట్టిన మాట నిజమే. మేత చల్లింది మాత్రం మా నాన్న. నా చదువు పులుసు దగ్గరే ఆగింది.

మేత డబ్బా నా చేతికొచ్చింది. ఆ ఎండలో తొట్టి చుట్టూ ఎవరు తిరుగుతారు చెప్పండి? రోజుకొకసారి తొట్టి మెట్టు మీద కూర్చుని, మేతంతా అక్కడే బోర్లించేదాన్ని. పెళ్లిలో మొదటి పంక్తి కోసం తోసుకునే జనంలా చేపలు ఎగబడేవి.

తోటపని చేసే యాదగిరన్నది కరీంనగర్. ఒకరోజు పార ఆపి చూశాడు.

"అంత ఒక్క తాన్నే ఏస్తున్నవ్ చెల్లె. బలమున్నయే తింటయి గద. సన్నయి ఏం తినాలె?"

"చేపల గురించి నాకు చెబుతున్నావా అన్నా? నువ్వు బెండకాయలు చూసుకో."

కొన్ని నెలలకు మెట్టు దగ్గరికొచ్చే చేపలు దిండ్లలా తయారయ్యాయి. బాబా చూసి మురిసిపోయాడు. అన్నీ ఇలాగే ఉన్నాయా అని అడిగితే, ఇంకా పెద్దవి అడుగున ఉన్నాయన్నాను. ఆయన ఆ శుక్రవారమే కూతురి అత్తవారిని నలభై మందిని పిలిచేశాడు.

చుట్టాలు దిగారు. నిప్పులు రాజుకున్నాయి. యాదగిరన్న వల లాగాడు. పదకొండు దిండ్లు, మిగతావన్నీ నా వేలంత. ఇవేమిటని బాబా అడిగితే, వాటి పిల్లలన్నాను.

యాదగిరన్నకు అబద్ధం చేతకాదు. హిందీలో నెమ్మదిగా చెప్పాడు: "పిల్లలు కాదు బాబా, అన్నీ తోబుట్టువులే. ఈ పదకొండు తిన్నాయి, మిగతావి చూశాయి."

నాకు తొట్టిలో దూకాలనిపించింది. దూకకుండా వంటింట్లోకి పరుగెత్తి, ఆ వేళ్లంతవాటికి కారం పట్టించి కరకరలాడేలా వేయించాను. వియ్యపురాలు మూడుసార్లు వడ్డించుకుంది. చుట్టాలు వెళ్లాక బాబా, రేపటి నుంచి మూడు పూటలా తొట్టి చుట్టూ నడుస్తూ మేత చల్లమన్నాడు.

చల్లుతున్నాను. ఇప్పుడు చేపలన్నీ సమానంగా ఒళ్లు చేస్తున్నాయి, నేనే చిక్కిపోయాను. అందుకే సగం మిగిలిన ఈ మేత డబ్బా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై మాది ఏ ఊరని ఎవరడిగినా, నీళ్లు లేని ఊరి పేరే చెబుతాను.