గుట్ట మీద నిప్పు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నాను, పొలం చూసుకుంటున్నాను, మనవరాళ్లను ఎత్తుకుంటున్నాను. అది మాత్రం దిగదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు రాయగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఇప్పటికీ నాకు నోరు పెగలదు.

మాది కొండాపూర్ దగ్గర ఒక ఊరు. ఊరికి పడమట ఉన్న గుట్టంతా సర్కారు అడవి. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేచిన రోజుల్లో ఇటుక బట్టీలకూ హోటళ్లకూ కట్టె కావలసి వచ్చింది. ఊరి బండ్లన్నీ గుట్టెక్కాయి. మా ఇంటి బండి కూడా ఎక్కింది. ఎనభైలు గడిచేసరికి పైన రాళ్లూ, నరికిన మోళ్లూ మిగిలాయి.

తర్వాత కొన్నేళ్లకు అడవి ఆఫీసరు వచ్చి, మీ అడవిని మీరే కాపాడుకోండి అని ఊళ్లో సమితి పెట్టించాడు. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. కొత్తగా నాటాల్సిన పని పెద్దగా లేదు, మోళ్లను ఎవరూ ముట్టకుండా చూస్తే చాలన్నాడు. నేను నమ్మలేదు. కానీ రెండు వానాకాలాలు పోయేసరికి తునికి, మోదుగ, చండ్ర అన్నీ మొదళ్ల నుంచి లేచాయి. మూడో ఏడు నా భుజం దాకా వచ్చాయి. రోజూ పొద్దున పోయి చూసేవాణ్ణి. అవి నేను పెంచినవే అనిపించేది. అవి వాటంతట అవే పెరిగాయని ఇప్పుడు తెలుస్తోంది.

బీరయ్య గురించి చెప్పాలి. కురుమ బీరయ్య, మా ఊరి గొర్రెల కాపరి. కింద వాగులో ఫ్యాక్టరీ నీళ్లు ఎర్రగా పారేవి. అవి తాగి అతని గొర్రెలు సగం చచ్చాయి. మిగిలిన వాటికి గుట్టే దిక్కు. మేత కోసం సమితి ఒక పక్క వదిలిపెట్టింది. ఆ హద్దు దాటి అతని గొర్రె ఒక్కటి కూడా లోపలికి వచ్చింది లేదు.

ఎండలు ముదరకముందే అడవి చుట్టూ గడ్డిని ఒక పట్టీలాగా కాల్చేస్తాం. అప్పుడు బయటి నిప్పు లోపలికి పాకదు. ఆ పని తెల్లవారుతుండగా, గాలి లేనప్పుడు, మంట దాటితే కొట్టడానికి పదిమంది పచ్చి కొమ్మలు పట్టుకుని నిలబడితేనే చేయాలి. ఊరికి ఇది నేర్పింది నేనే. పన్నెండేళ్ల కింద ఒక రోజు, మర్నాడు ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. పట్టీ ఇంకా కాల్చలేదు. ఊరంతా పెళ్లికి పోయింది. ఒక్క రోజు ఆగమని అడిగితే ఆయన కాదనేవాడా? అడగలేదు. మంచి అధ్యక్షుడు అనిపించుకోవాలని నాకు ఆశ. మిట్ట మధ్యాహ్నం ఒక్కణ్ణే పోయి అగ్గిపుల్ల గీశాను.

గాలి తిరిగింది. అంతే.

నేను కేకలు పెట్టాను. ఆ కేకలు విని వచ్చింది బీరయ్య ఒక్కడే. భుజం మీది గొంగడి తీసి మంటను కొట్టాడు. సాయంత్రం దాకా కొట్టాడు. ఇద్దరం కలిసి సగం గుట్టను దక్కించుకున్నాం. సగం పోయింది.

మర్నాడు బడి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. నిప్పు ఎవరు పెట్టారు అని ఆఫీసరు అడిగాడు. ఎవరో బీరయ్య గొంగడి చూపించారు. దాని నిండా కాలిన బొక్కలు. ముసురు పడితే కొత్త గడ్డి లేస్తుందని గొర్రెల వాళ్లే అంటిస్తారు సార్ అన్నారు ఇంకెవరో. బీరయ్య కంగారు పడలేదు. నావైపు తిరిగాడు.

“పటేలా, నువ్వు ఆడనే ఉన్నవ్ గద. జెర జెప్పు వీళ్లకు. నేను ఆర్పనీకి వచ్చిన అని జెప్పు.”

అందరూ నన్ను చూశారు. ఒక్క మాటతో అయిపోయేది.

“నేను పొయ్యేసరికి నువ్వు ఆడ ఉన్నవ్ బీరయ్యా. గంతే నాకెర్క.”

“గట్లనా పటేలా,” అన్నాడు. గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎందుకన్నాను? నా పేరు పోతే సమితి పోతుంది, సమితి పోతే అడవి పోతుంది అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంచెం నిజం ఉందేమో. కానీ ఆ నిమిషంలో నాకు అడవి గుర్తు లేదు. సిగ్గు ఒక్కటే ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అబద్ధం చెప్పడం ఏమంత కష్టం అనిపించలేదు. ఆ పూట అన్నం కూడా బాగానే తిన్నాను.

బీరయ్య ఇంటివాళ్లు ఇక గుట్టెక్కకూడదని తీర్మానం అయింది. బీరయ్య గొర్రెలను అమ్మేశాడు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే పనికి పోయాడు. దారిలో ఎదురైతే ఎప్పటిలాగే దండం పెట్టేవాడు. నేనూ తల ఊపేవాణ్ణి. మూడేళ్ల కింద చనిపోయాడు. ఏం జబ్బో నేను అడగలేదు. శవం వెంట వెనక నడిచాను, ఏడుపు రాలేదు.

కాలిన సగం మళ్లీ లేచింది. వేళ్లు బతికే ఉన్నాయి కదా, వానలు పడగానే చిగురించాయి. ఇప్పుడు నెమళ్లు కూస్తాయి, అడవి పందులు మా చేలల్లో పడతాయి. బడిపిల్లలను చూడ్డానికి తీసుకొస్తారు. వాళ్లకు అడవి కథ చెప్పేది నేనే. ఒక గొర్రెల కాపరి నిర్లక్ష్యం వల్ల ఒకసారి కాలింది పిల్లలూ అని చెబుతాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

పోయిన నెల బీరయ్య భార్య రాజవ్వ మా గేటు దగ్గర నిలబడింది. ఊళ్లో ఆడవాళ్లంతా సీతాఫలాలకు గుట్టెక్కుతున్నారు, తను కూడా పోవచ్చునా అని అడిగింది. ఆ తీర్మానం ఊరంతా ఎప్పుడో మరిచిపోయింది. ఆ ఇల్లు మరవలేదు. పో రాజవ్వా, నిన్నెవరు ఆపుతరు అన్నాను.

ఆమె కొంగు సరిచేసుకుని రెండు చేతులూ ఎత్తింది. “మా ఆయన గంత తప్పు జేసిండు. అయినా మమ్మల్ని మన్నించినవ్ పటేలా.”

అంటే బీరయ్య ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదా? లేక చెప్పినా భార్య నా మాటనే నమ్మిందా? నేను ఆమె దండం తీసుకున్నాను. తల ఊపాను. ఆమె గంప నెత్తిన పెట్టుకుని గుట్టవైపు పోయింది.

నిప్పు పెట్టింది నేను. ఆర్పడానికి వచ్చింది బీరయ్య. ఇది రాశాక ఛాతీలో కొంచెం ఖాళీ అయినట్టుంది. రాజవ్వకు ఇంకా చెప్పలేదు.