ఓడినోనికి లెక్కలేంటికన్నా

ఇరవై ఏళ్లుగా ఒక మనిషి పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. ఎవరైనా ఆ పేరు ఎత్తితే మాట మారుస్తాను. లేదా లేచి బయటికి పోతాను. మా ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీ ముఖం నాకు కనబడదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

ఆ మనిషి ఫకృద్దీన్. పెనుకొండలో దర్జీ. ఎనభైల మొదట్లో నేను అక్కడ సర్కారు ఆఫీసుల ఎదురుగా రేకుల కొట్టులో టైపు మిషన్ పెట్టుకొని అర్జీలు కొట్టి బతికేవాణ్ణి. ఆయన కొట్టు నా కొట్టుకు ఆనుకొనే ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి.

ఆయనుండే వైపు నాలుగు వీధుల్లో కొళాయి లేదు. ఆడవాళ్లు బిందెలు మోసుకొని ఎంతో దూరం పోయేవాళ్లు. ఆ నీళ్ల కోసం అర్జీలు నేనే కొట్టిచ్చాను. ఏ నాయకుడూ పట్టించుకోకపోయేసరికి, అసెంబ్లీ ఎన్నికలు రాగానే ఆయనే స్వతంత్రంగా నిలబడ్డాడు. నామినేషన్ కాగితం నేనే నింపాను. కుట్టుమిషన్ గుర్తు అడిగి తెచ్చుకున్నాడు. మిగిలిన గుడ్డ ముక్కలతో జెండాలు కుట్టుకున్నాడు. గోడల మీద రాతలు వీధి పిల్లలు రాశారు. ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లో సంగటి పెట్టారు. ఓడిపోయాడు. డిపాజిట్టూ పోయింది. కానీ ఆ నాలుగు వీధుల ఓట్లు దాదాపు అన్నీ ఆయనకే పడ్డాయి.

పార్టీ టికెట్టు మీద అక్కడే నిలబడి, ఆ ఓట్ల మీద ఆశ పెట్టుకున్న హిందూపురం పెద్దమనిషి కూడా కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నేను ఆయన మనిషిని. మనిషినంటే మరేం లేదు, ఆయన పెనుకొండ వస్తే కారు తలుపు తీయడానికి పరిగెత్తేవాళ్లలో ఒకణ్ణి. స్టాంపు వెండరు లైసెన్సుకు ఆయన ఒక మాట చెబుతాడని నా ఆశ. ఫలితాలు వచ్చాక ఆయన ఇంటి వరండాలో ఎవరో, "ఆ టైలరు నిలబడకుంటే మనమే గెలిచేవాళ్లం గదన్నా" అన్నారు. ఆయన నిట్టూర్చాడు. అంతే. నన్ను ఎవరూ ఏమీ చేయమనలేదు. వాళ్లే చేయించారని నాకు నేను నచ్చజెప్పుకోవాలని ఎన్ని రాత్రులు ప్రయత్నించానో, కానీ ఎంత వెనక్కి పోయి వెతికినా అక్కడ ఒక నిట్టూర్పు తప్ప ఇంకేమీ దొరకదు. దాన్ని ఆజ్ఞగా తీసుకున్నది నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎన్నికల్లో నిలబడ్డవాడు గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన నెల లోపల తన ఖర్చుల లెక్క అధికారులకు అప్పగించాలి. పైసా ఖర్చు పెట్టకపోతే ఆ మాటే రాసివ్వాలి. ఇవ్వనివాణ్ణి మూడేళ్లు మళ్లీ నిలబడకుండా చేస్తారు. పెద్ద పార్టీలవాళ్లకు ఇది తెలుసు. మా పెద్దమనిషి లెక్క నేనే టైపు చేశాను. ఆయన కోసం ఎన్ని జీపులు దుమ్ము రేపుకుంటూ తిరిగాయో ఊరంతా చూసింది. కాగితం మీద రెండే తిరిగాయి. అది వేళకు అందింది కాబట్టి ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒంటరిగా నిలబడేవాళ్లకు మాత్రం ఈ కట్టుబాటు తెలియదు. లెక్క చెప్పవలసింది గెలిచి కుర్చీ ఎక్కినవాడు గానీ, ఓడి ఇంట్లో కూర్చున్నవాడు కాదని మా వైపు అందరూ అనుకొనేవాళ్లు. ఫకృద్దీనన్నా అలాగే అనుకున్నాడు. నేనూ గుర్తు చేయలేదు, కానీ అప్పటిదాకా అబద్ధమైతే ఆడలేదు.

ఏడాది దాటింది. ప్రభుత్వం నిలిచేలా లేదు, మళ్లీ ఎన్నికలు వస్తాయని ఊళ్లో చెప్పుకొంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఆయన మెడలో టేపుతోనే నా కొట్లోకి వచ్చాడు.

"ఏమబ్బా, ఈ కాగితం ఒగతూరి సూడు. పోస్టుమ్యాను సంతకం బెట్టించుకోని ఇచ్చిపాయ. అంతా ఇంగ్లీసులో ఉండాది."

చదివాను. లెక్క ఎందుకు ఇవ్వలేదో జవాబు చెప్పుకొమ్మనీ, ఇప్పటికైనా ఇమ్మనీ, లేకుంటే అనర్హుడవుతావనీ ఉంది.

"ఏమంట? నా డిపాజిట్టు వాపసిస్తారంటనా?"

"అంత ఆశ వద్దులేన్నా. ఖర్చుల లెక్క అడుగుతాండారు."

"నాదేం లెక్కబ్బా! ఎవురింట్లో ఎన్ని ముద్దలు తిన్న్యానో రాసియ్యల్లనా?"

"ఓడినోనికి లెక్కలేంటికన్నా. అందరికీ పంపిస్తారు ఊరికే. పక్కన పడెయ్."

"జైల్లో గీల్లో ఎయ్యరు గదా?"

"నిన్ను ఏస్తే ఊరోళ్ల గుడ్డలు ఎవరు కుట్టల్ల?"

పెద్దగా నవ్వాడు. "నువ్వుండావు కాబట్టి సరిపాయ. లేకుంటే ఈ ఇంగ్లీసు నన్ను సంపేసుండు" అని ఎదురు హోటల్లోకి కేకేసి నాకు టీ చెప్పాడు.

ఆ టీ తాగాను.

జవాబు టైపు చేయడానికి ఎంతసేపు పట్టేది? మిషన్లో కాగితం ఎక్కించే ఉంది. నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు? లైసెన్సు కోసమా? పక్క కొట్టు దర్జీ పేరు గోడల మీద కనబడితే నాకు కడుపుమంటగా ఉండేదా? రెండూ కావచ్చు. ఈనాటికీ నాకు తేలలేదు.

అనర్హుడని తేల్చిన కాగితం కూడా తర్వాత వచ్చే ఉంటుంది. అది ఆయన నా దగ్గరికి తేలేదు. ఇలాంటివాటికి భయపడనక్కరలేదని నేర్పింది నేనే కదా.

అనుకున్నట్టే ఎన్నికలు వచ్చాయి. ఆయన మళ్లీ వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఆ రోజైనా చెప్పి ఉండవచ్చు. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. అందుకని ఈ కాగితం చెల్లదని తెలిసీ నామినేషన్ నింపాను. పేరు, తండ్రి పేరు, వయసు, అన్నీ ముత్యాల్లా రాశాను. వీధి వీధంతా పలక డప్పు కొట్టుకుంటూ ఆయన వెంట ఆఫీసు దాకా నడిచింది. ముందు వరసలో బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు.

పరిశీలన రోజున అధికారి ఆయన కాగితాన్ని పక్కన పెట్టేశాడు. ఆయన బయటికి వచ్చి, "లెక్క ఇయ్యలేదంట, అందుకే కొట్టేసినారు" అని జనానికి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఖర్చే పెట్టనివాడు లెక్క ఇవ్వలేదని సర్కారు తోసేస్తుందా? వాళ్లకు తెలిసిన కారణం ఒకటే, ఎవరి దగ్గరో డబ్బు తీసుకొని తప్పుకున్నాడని. అదే అనుకున్నారు. సాయంత్రానికల్లా హోటల్ బెంచీల మీద, "ఊరోళ్లకు సిన్న జేబులు కుట్టి తనకు మాత్రం పెద్ద జేబు కుట్టుకున్న్యాడప్పా టైలరు!" అని నవ్వుకున్నారు. నేనూ ఆ బెంచీ మీద ఉన్నాను. నవ్వలేదు. కాదనీ అనలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను మోసం చేశానని ఆయన మనసుకు తోచనే లేదు. నా ఇంగ్లీషు తక్కువైందనుకున్నాడు. నా ముఖం చూసి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేబ్బా. నీగ్గూడా తెలీకపాయ" అన్నాడు. ఆ చేతి బరువు ఇంకా దిగలేదు.

ఆ ఎన్నికల్లో మా పెద్దమనిషికి అసలు టికెట్టే రాలేదు. చాన్నాళ్లకు హిందూపురం పోయినప్పుడు, ఆ టైలరు పని నేనే చూశానని సిగ్గు లేకుండా కదిపాను. "ఏ టైలరప్పా?" అన్నాడు. నిజంగానే ఆయనకు గుర్తులేదు. లైసెన్సు నాకు తర్వాత ఎవరి సిఫారసూ లేకుండా, అందరికీ వచ్చినట్టే వచ్చింది.

ఫకృద్దీనన్న కొట్టుకు గుడ్డలు రావడం తగ్గింది. ఆయన భార్య నీళ్లకు పోతే తక్కిన ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఎవరి కోసమైతే నిలబడ్డాడో ఆ వీధిలోనే తలెత్తుకోలేక, మిషన్ బండిలో వేసుకొని ధర్మవరంలో కూతురింటికి వెళ్లిపోయాడు. అక్కడ రవికలు కుట్టి బతికాడు. పోయినేడు ఆయన చనిపోయాడని తెలిసి నేను ధర్మవరం బస్టాండు దాకా పోయాను. దిగి, చాలాసేపు నిలబడి, తిరుగు బస్సెక్కాను.

పెనుకొండలో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు ఆ కథ అలాగే చెబుతారు. అందుకే ఇది రాస్తున్నాను. ఫకృద్దీనన్న ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఆయన తప్పుకోలేదు. నేను తప్పించాను.

ఈ మూడు మాటలకు ఇన్నేళ్లు పట్టింది. క్షమించమని అడగడానికి ఆయన లేడు. ఉన్నా క్షమించేవాడే, అదే నాకు భయం. నేను కోరేది అది కాదు. ఇది తెలిసినవాణ్ణి ఇంతకాలం నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.