బేస్ గిటారు నట్‌లో రెండో గాడి

నేను పని విరమించడానికి ముందు సంవత్సరం, డిసెంబరులో ఒక శనివారం ఉదయం, అమలాపురంలో నేను పనిచేసే వాద్యాల దుకాణంలో మంద్ర స్వరాలు పలికే బేస్ గిటారు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి అక్కడ నేను హెడ్ మెకానిక్‌ని. హార్మోనియం నుంచి గిటారు దాకా మరమ్మతుల్లో ఆఖరి మాట నాదే.

తెచ్చినావిడ ఎస్తేరు రాణి గారు. ఉప్పలగుప్తం దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. వాళ్ళ చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో చాలా ఏళ్ళుగా బేస్ వాయిస్తున్నారు. ఆ వేసవిలో స్కూటీ మీంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మళ్ళీ మొదటిసారి వాయించేది ఆ సాయంత్రం ఐదు గంటల ప్రార్థన కూటాల్లో. పొద్దున తీగలు బిగిస్తుంటే నట్ ఒక మూల విరిగిపోయింది.

నట్ అంటే బోల్టుకి బిగించేది కాదు. గిటారు మెడ చివర, తీగలు బిగింపు మరల వైపు వెళ్ళేముందు ఆనే చిన్న పట్టీ. బేస్‌కి నాలుగు తీగలు కాబట్టి దానికి నాలుగు గాళ్ళు. గాడి ఎత్తుగా ఉంటే తీగ నొక్కడానికి బలం చాలదు. లోతైతే తీగ మెడ మీది మెట్టుకి తగిలి జీర వస్తుంది.

"నేను లేనన్నాళ్ళూ కీబోర్డులోనే బేస్ వాయించేసేరండీ. బాగానే ఉందన్నారు. ఇవాళ కూడా వెళ్ళకపోతే ఇంక నన్ను పిలవరండీ," అన్నారావిడ. ఫిర్యాదులా కాదు, రోగి వివరాలు చదివినట్టు చెప్పారు.

దుకాణంలో రెడీమేడ్ ప్లాస్టిక్ నట్లు ఉన్నాయి. పెట్టి చూస్తే గాళ్ళ మధ్య దూరం ఎక్కువ. చివరి తీగ మెడ అంచు దాటి జారిపోతోంది. మిగిలింది నట్ చెయ్యడానికి వాడే, ఇంకా గాళ్ళు కొయ్యని ఎముక ముక్క, ఒక్కటే. ఇంకొకటి కావాలంటే రాజమండ్రి నుంచి రావాలి, సోమవారం దాకా రాదు.

పాత నట్ చుట్టూ పాలిష్ మీద బ్లేడుతో గీత పెట్టి, పక్క నుంచి చెక్కముక్కతో తట్టి ఊడదీశాను. ఎముకను మెడ వెడల్పుకి అరగదీసి, పాత నట్ చూసి గుర్తులు పెట్టి, ఒక్కో తీగ మందానికి తగిన సన్న ఆకురాయితో గాళ్ళు కోశాను. గాడి లోతు చూసే పద్ధతి ఒకటుంది. తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టాలి. అప్పుడు మొదటి మెట్టుకీ తీగకీ మధ్య కాగితమంత సందు మిగలాలి. మధ్యాహ్నం రెండింటికి నాలుగూ సరిపోయాయి.

అక్కడితో ఆపవలసింది. ఆవిడ తీగ నొక్కి చూసి, బాగుందన్నారు. కానీ పై నుంచి రెండో తీగ దగ్గర ఆవిడ పెదవి బిగించడం నా కంట పడింది. విరిగి అతికిన ఆ చేతికి ఇంకొంచెం తేలిక చేద్దామని మళ్ళీ ఆకురాయి పట్టాను. రెండే రెండు లాగులు. తీగ మీటితే జీర వచ్చింది.

ఆవిడ గోడ గడియారం వైపు చూశారు.

ఎముక పొడి గాడిలో నింపి, పలచటి జిగురు చుక్క వేసి, గట్టిపడ్డాక మళ్ళీ కోశాను. జీర పోయింది. అయితే అంత మందమైన తీగ లాగుడుకి ఆ పూడిక ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలియదు. మా యజమాని రాజు గారు నన్ను పక్కకి పిలిచి, "సాయంత్రం దాకా నిలబడుద్ది లెండి. చెప్తే ఆవిడ ఇంకా కంగారుపడతారు," అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చెప్పకపోవడమే నాకూ సుఖం.

అయినా చెప్పాను. "అమ్మా, తప్పు నాదండీ. గాడి లోతైపోతే పూడిక వేసేను. మధ్యలో రాలిపోవచ్చు."

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ తీగ మీద వేలు పెట్టి, "రాలితే ఏ స్వరం పోద్దండీ?" అని అడిగారు.

"ఆ తీగ ఖాళీగా మీటితేనేనండి జీర. వేలు పెట్టి నొక్కిన స్వరాలకి ఏమీ అవదు."

"అయితే అదే స్వరం పై తీగ మీద అయిదో మెట్టు దగ్గర ఉంది కదండీ."

"ఆయ్, ఉందండీ."

బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, పూడిక రాలితే పనికొస్తుందని ఆ సాయంత్రం పాటలన్నీ అలా చెయ్యి పైకి జరిపి వాయించి చూసుకున్నారు. రెండుసార్లు తప్పారు. మూడోసారికి కుదిరింది. నాలుగు దాటాక బయల్దేరారు.

నేనూ బస్సెక్కి వెళ్ళి కూటాల పందిరిలో వెనక వరసలో కూర్చున్నాను. రెండు పాటలు శుభ్రంగా సాగాయి. మూడోది మొదలైన కాసేపటికి జీర వినిపించింది. క్వయర్ లీడరు తలతిప్పి చూశారు. అప్పటికే ఆవిడ చెయ్యి అయిదో మెట్టు మీదికి వెళ్ళిపోయింది. జీర ఆగింది. పాట ఆగలేదు. కీబోర్డు వాయించేవారు కుడిచేతి రాగమే వాయిస్తూ, బేస్ భాగం ఆవిడకే వదిలేశారు.

తరవాతి వారం ఆవిడ వచ్చినప్పుడు కొత్త ఎముక నట్ వేసి, సందు కాగితంతో చూసి, అక్కడితో ఆపాను. క్రిస్మస్ ఆరాధనకు కూడా తననే వాయించమన్నారని అప్పుడే చెప్పారు.

పనిలో జాలి కూడా కొలతకు లోబడి ఉండాలని ఆ రోజు తెలిసింది. మరమ్మతులో లోపం మిగిలితే అది ఎక్కడ మిగిలిందో వాయించేవారికి ముందే చెప్పాలి. దాన్ని తప్పించుకునే దారి మెకానిక్ కంటే వాళ్ళకే బాగా తెలుసు.